అధ్యాపక పీఠమునుండి అధికార పీఠమునకు

గత సెప్టెంబరు 5వ తేదీన మా పాఠశాలలో ఉపాధ్యాయ దినోత్సవము జరిగిన సంగతి ఈ పత్రికను చదువువారందఱకు తెలిసినదే. నాడు పై తరగతుల బాలబాలికలే ఉపాధ్యాయులై క్రింది తరగతులకు పాఠములు చెప్పిరి. ఒక బాలుడు ప్రధానోపాధ్యాయుని కుర్చీలో కూర్చుండి హాజరు పుస్తకమును మిక్కిలి గంభీరముగా తిరుగవేసెను. సభ ముగిసిన పిమ్మట ఎనిమిదవ తరగతి బాలుడొకడు మమ్ము సమీపించి, "మాస్టారూ! రాధాకృష్ణన్ గారు అంత బాగా పాఠం చెప్పేవారు గదా, మరి అది మానేసి ఆఫీసు పనికి ఎందుకు వెళ్లారు?" అని అడిగెను.

"దేశము పిలిచినది, వారు వెళ్లిరి" అని మేము అప్పటికి తోచిన సమాధానము చెప్పితిమి. బాలుడు తల యూపి పోయెను గాని మాకు తృప్తి కలుగలేదు. ఏలన, ఆ ప్రశ్న మాకును తగిలినది. ఈ సంవత్సరారంభమున బాలుర వసతిగృహపు వార్డెను పని మాకు అప్పగింపబడినది. అదివఱకు సాయంకాలములందు పుస్తకము పట్టుకొని కూర్చుండెడివారము. ఇప్పుడు బియ్యపు బస్తాల లెక్కలును, కూరగాయల చీటీలును, సెలవు ఉత్తరములును ముందు వేసికొని కూర్చుండుచున్నాము. ఎక్కడికి పోయినను చేతిలో తాళపుచెవుల గుత్తి. పాఠము చెప్పుటకై ఈ వృత్తిలో ప్రవేశించిన మేము ఈ పనిలో పడి తుదకు ఏమగుదుమో యను చింత మాకు లేకపోలేదు. కావున రాధాకృష్ణన్ గారి చరిత్రను ఈ దృష్టితో మరల చదివితిమి. చదివి గ్రహించినదానిని, ఆ బాలునికి ఋణపడి యున్నట్లు భావించి, ఇచ్చట వ్రాయుచున్నాము.

సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు 1888వ సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన తిరుత్తణిలో జన్మించిరి. ఇంటిపేరునకు మూలమైన సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని గ్రామము. ఇంటి భాష తెలుగు. 1960లో జరిగిన సరిహద్దుల మార్పుతో తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రమున చేరినది. కుటుంబము కలిగినది కాదు; విద్యార్థి వేతనములే వారి చదువునకు ఊతము. మన పాఠశాలవంటి పాఠశాలలలో చదువుకొను పిల్లలు గుర్తుంచుకొనవలసిన సంగతి యొకటి గలదు. తిరుపతిలోని లూథరను మిషను ఉన్నత పాఠశాల, వేలూరులోని ఊరీసు కళాశాల, మద్రాసులోని క్రైస్తవ కళాశాల, ఈ మూడింటను వారు వరుసగా చదివిరి. మూడును మిషను సంస్థలే. 1896 మొదలు 1908 వఱకు, అనగా బాల్యమునుండి యౌవనము వఱకు, పండ్రెండు సంవత్సరములు వారు మిషను ఉపాధ్యాయుల చేతులలో పెరిగిరి.

ఈ మాట సభలలో చెప్పుకొని మనము సంతోషింతుము. సంతోషించుట తప్పు కాదు. కాని కథలో రెండవ సగము గలదు. దానిని దాచిపెట్టుట సత్యమును బోధించువారికి తగదు. ఆ సంస్థలలో తాను పుట్టిన మతమును గుఱించి విన్న విమర్శ తనను నొప్పించినదనియు, ఆ నొప్పియే తనను హిందూ ధర్మమును లోతుగా పరిశీలించుటకు పురికొల్పినదనియు వారే తరువాతి కాలమున వ్రాసికొనిరి. అన్నము పెట్టిన చేయియే గాయపఱచినది కూడ. మిషను పాఠశాల వారికి ఆంగ్లభాషను, క్రమశిక్షణను, పరిశుద్ధ గ్రంథముతో పరిచయమును ఇచ్చెను. దానితో పాటు సమాధానము చెప్పి తీరవలసిన ఒక నింద కూడ ఇచ్చెను.

ఇది చదివినప్పుడు మా పూర్వపు దోషమొకటి మాకు జ్ఞప్తికి వచ్చినది. మేము శిక్షణ కళాశాలనుండి వెలువడి కొలువులో చేరిన రెండవ సంవత్సరమున, ఒక పల్లెటూరి పాఠశాలలో నీతిబోధ తరగతి నడుపుచుంటిమి. ఆ వారమున ఊరిలో అమ్మవారి జాతర. పిల్లలు నిద్రకండ్లతో వచ్చిరి. మాకు విసుగు కలిగి, ఆ జాతరను గుఱించి పరిహాసముగా నాలుగు మాటలాడితిమి. కొందఱు నవ్విరి. ముందు బల్లపై కూర్చుండు బాలుడొకడు, నుదుట కుంకుమ బొట్టు గలవాడు, నవ్వలేదు, తల వంచుకొనెను. మఱునాటినుండి వాడు వెనుక బల్లకు పోయెను. అంతవఱకు ప్రతి పాఠమునకు రెండేసి ప్రశ్నలు వేయు పిల్లవాడు పిలిచిననే గాని పలుకడయ్యెను. మేము దానిని పట్టించుకొనలేదు.

ఒక మాసము గడచిన పిమ్మట వాని తండ్రి, చదువురాని రైతు, పొలమునుండి తిన్నగా బడికి వచ్చి, వరండా క్రిందనే నిలుచుండి మాతో ఇట్లనెను: "మావాడు ఇంటికి రాగానే మీరు చెప్పిన పాఠమే చెప్పేవాడండీ. నెల్లాళ్లనుంచీ నోరు విప్పడం లేదు. వాడేం తప్పు చేశాడో చెప్పండి మాస్టారూ, నేను మందలిస్తాను."

తప్పు చేసినవారము మేము; మందలింపబడుటకు సిద్ధమైనవాడు పిల్లవాడు. మేమేమి సమాధానము చెప్పితిమో వ్రాయుటకు సిగ్గగుచున్నది. "అలాంటిదేమీ లేదు" అని పంపివేసితిమి. ఆ యేటి చివర మాకు వేఱు ఊరికి బదిలీ అయినది. వానిని మరల చూడలేదు.

రాధాకృష్ణన్ గారి విషయమున ఒక మేలు జరిగినది. వారిని గాయపఱచిన మిషను సంస్థలలోనే దానికి మందు వేయగల గురువొకరు లభించిరి. వారు తత్త్వశాస్త్రమును కోరి ఎన్నుకొనలేదు. ఆ సంవత్సరమే పట్టము పొందిన బంధువొకరు తన తత్త్వశాస్త్ర పుస్తకములను వారికి ఇచ్చివేసిరి; వేఱు పుస్తకములు కొనవలసిన పని లేకుండ పోవునని ఆ శాఖలో చేరిరి. ఎం.ఏ. పరీక్షకై వారు వేదాంతమునందలి నీతిని గుఱించి ఒక వ్యాసమును వ్రాసిరి. వేదాంతమున నీతికి తావు లేదను విమర్శకు అది ప్రత్యుత్తరము. అది 1908లో గ్రంథముగా వెలువడెను. గ్రంథకర్తకు అప్పటికి ఇరువది యేండ్లు.

దానిని పరిశీలింపవలసినవారు ఆల్‌ఫ్రెడ్ జార్జి హాగ్ గారు. వారు స్కాట్లండు దేశీయులు, మిషను ఆచార్యులు. తన వ్యాసము గురువుగారికి కోపము తెప్పించునేమో యని శిష్యుడు భయపడెను. కాని హాగ్ గారు దానిని చదివి మెచ్చుకొని, శిష్యుని ప్రజ్ఞను ప్రశంసించుచు యోగ్యతాపత్రము వ్రాసి యిచ్చిరి. ఈ సంగతిని నిదానముగా ఆలోచింపుడు. ఆ వ్యాసము హాగ్ గారి తోటివారు చేయుచున్న విమర్శకు వ్యతిరేకముగా వ్రాయబడినది. దానిని తీసివేయుటకు ఒక కలము పోటు చాలును. ఆయన అట్లు చేయక, వాదము తనది కాకపోయినను శ్రమ నిజమైనదని ఒప్పుకొనెను. మన మిషను పాఠశాలల చరిత్రలో గర్వింపదగినది ఆ వ్రాతయే యని మా అభిప్రాయము.

పిమ్మట జరిగిన అధ్యాపక జీవితమును వేగముగా చెప్పెదము. 1909లో మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో కొలువు దొరకెను. మఱుసటి యేట సైదాపేట శిక్షణ కళాశాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందిరి. అంతటి పండితుడును బల్లపై కూర్చుండి పాఠము చెప్పు విధమును నేర్చుకొనెనను మాట మావంటి శిక్షితులకు ధైర్యము కలిగించును. రాజమహేంద్రవరమున కొంతకాలము పని చేసిరి. 1918లో మైసూరు మహారాజా కళాశాలకు పోయిరి. 1921లో ఆశుతోష్ ముఖర్జీ గారి ఆహ్వానముపై కలకత్తా విశ్వవిద్యాలయమునకు తత్త్వశాస్త్రాచార్యులుగా బయలుదేరినప్పుడు, మైసూరు విద్యార్థులు బండికి కట్టిన గుఱ్ఱములను విప్పి, తామే బండిని రైలు స్టేషను వఱకు లాగిరి. కలకత్తాలో ఉండగా భారతీయ తత్త్వశాస్త్రముపై వ్రాసిన రెండు సంపుటములు 1923లోను 1927లోను వెలువడెను. 1926లో ఆక్స్‌ఫర్డునందును అమెరికాయందును ఉపన్యసించిరి. ఇంతవఱకు వారు కేవలము అధ్యాపకులు.

1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. అప్పటికి ఆ విశ్వవిద్యాలయము వయస్సు ఐదేండ్లు. 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరునకు మారినది. మొదటి ఉపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డి గారు స్వాతంత్ర్యోద్యమ కాలమున ప్రభుత్వపు దమననీతికి నిరసనగా పదవిని విడిచిరి. పరీక్షలు జరుపుటయే గాని సముద్రతీరమున తరగతి గదులింకను నిండుగా లేవు. ఇట్టి స్థితిలో తత్త్వశాస్త్రాచార్యుడు ఏమి చేయగలడని సందేహించినవారు ఉండియుండవచ్చును.

వారు మొదట చేసినది ఉపాధ్యాయులను వెదకుట. భౌతికశాస్త్రమునకు కృష్ణా జిల్లావారైన సూరి భగవంతం గారు వచ్చిరి. అప్పటికి వారి వయస్సు ఇరువది మూడు సంవత్సరములు. రసాయనశాస్త్రమునకు టి. ఆర్. శేషాద్రి గారు, తత్త్వశాస్త్రమునకు వంగదేశీయుడైన హుమాయూన్ కబీర్ గారు, చరిత్రకును రాజనీతికిని హీరేన్ ముఖర్జీ గారు వచ్చిరి. వీరిలో తెలుగువారు గలరు, అరవవారు గలరు, వంగీయులు గలరు. హిందువు గలడు, మహమ్మదీయుడు గలడు, తరువాతి కాలమున సామ్యవాదియై పార్లమెంటున ప్రసిద్ధికెక్కినవాడు గలడు. అందఱును యువకులే. రాధాకృష్ణన్ గారి మతాభిప్రాయములకు లోబడి యుండుట ఈ ఎన్నికకు కొలత కాలేదు. తన వాదమును కాదన్న శిష్యుని మెచ్చుకొన్న గురువువద్ద చదివినవారు గదా!

ధనము కావలసి వచ్చినప్పుడు జయపుర సంస్థానాధీశులు శ్రీ విక్రమదేవవర్మ గారు ఏటేట లక్ష రూపాయలు విరాళమిచ్చిరి. విజ్ఞాన కళాశాల ఆ సంస్థానాధీశుల పేరనే వెలసెను. కట్టడములు, విరాళములు, సభలు, ఉత్తర ప్రత్యుత్తరములు, ఇవియే ఉపాధ్యక్షుని దినచర్య. అయినను వారు 1929లో ఇచ్చిన ఉపన్యాసములు 1932లో, అనగా వాల్తేరు పదవిలో ఉండగనే, గ్రంథముగా వెలువడెను. నాడు గ్రంథరచన చేయించిన శ్రద్ధయు, నేడు ఇరువది మూడేండ్ల పిల్లవానిలో శాస్త్రజ్ఞుని గుర్తించిన చూపును వేఱు వేఱు కావు. ఆ భగవంతం గారే తరువాత ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులును, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు అధ్యక్షులును అయిరి.

మఱియొక చిత్రమైన సంగతి. ఇదే సంవత్సరములలో గురువైన హాగ్ గారును తత్త్వశాస్త్ర బోధనతో సరిపెట్టుకొనలేకపోయిరి. 1928 మొదలు 1938 వఱకు ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాలకు అధ్యక్షులు. పట్టణమధ్యమున నున్న ఆ కళాశాల 1937లో తాంబరమునకు మారినది ఆయన కాలముననే. గురువు మద్రాసులో, శిష్యుడు వాల్తేరులో, ఇరువురును ఇటుకల లెక్కలు చూచుచుండిరన్న మాట. మా బియ్యపు బస్తాల లెక్క దీనిముందు ఏపాటి?

1936లో రాధాకృష్ణన్ గారు ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రాచ్యమతములకును నీతిశాస్త్రమునకును ఏర్పడిన స్పాల్డింగు ఆచార్య పీఠమును మొట్టమొదట అధిష్ఠించిరి. 1939లో వృద్ధులైన పండిత మదనమోహన మాలవీయగారి కోరికపై కాశీ హిందూ విశ్వవిద్యాలయపు భారమును వహించి 1948 వఱకు మోసిరి. 1942 జనవరిలో ఆ విశ్వవిద్యాలయ రజతోత్సవమునకు గాంధీ మహాత్ముడు వచ్చిరి. ఆ యేటనే ఆగస్టులో దేశమంతట ఉద్యమము చెలరేగెను. విద్యార్థులు అందు పాల్గొనిరి. ఆవరణమంతయు యుద్ధ వైద్యశాలగా మార్చివేయవలెనని ప్రాంతీయ ప్రభుత్వము తలపెట్టగా, రాధాకృష్ణన్ గారు ఢిల్లీకి పోయి వైస్రాయితో మాటాడి దానిని ఆపించిరి. అధికారము చేతనుండుట యేలయో ఇచ్చట తెలియుచున్నది. కేవలము పాఠము చెప్పువాడు తన తరగతిని కాపాడుకొనగలడు. తలుపు మూయింపవచ్చినవానిని ఆపుటకు తాళపుచెవి గలవాడు కావలెను. అయినను ఆదివారములందు విద్యార్థులను కూర్చుండబెట్టుకొని గీతను బోధించుట వారు మానలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 నవంబరులో విశ్వవిద్యాలయ విద్యను విచారించుటకు భారత ప్రభుత్వము నియమించిన సంఘమునకు వారు అధ్యక్షులైరి. జాకీర్ హుస్సేన్, మేఘనాథ సాహా, లక్ష్మణస్వామి మొదలియారు మొదలగువారు సభ్యులు. ఇంగ్లండు, అమెరికా దేశములవారును ఉండిరి. 1949 ఆగస్టులో నివేదిక సిద్ధమైనది. విశ్వవిద్యాలయములకు ధనసహాయము చేయు సంఘము నేటికిని గల రూపమును పొందుటకు ఆ నివేదిక ముఖ్య కారణము. 1953లో అది ఆరంభమై, 1956లో శాసనబద్ధమైనది.

కాని మేము ఆ నివేదికలో మతబోధను గుఱించిన భాగముకడ చాలసేపు ఆగితిమి. ప్రతి విద్యాసంస్థలోను దినచర్య కొన్ని నిమిషముల మౌన ధ్యానముతో ఆరంభము కావలెనని అందు సూచింపబడినది. పట్టపు చదువున మొదటి సంవత్సరము మహాపురుషుల జీవితములు చెప్పవలెనట. ఆ వరుసలో బుద్ధుడు, కన్ఫ్యూషియసు, సోక్రటీసు, యేసు, శంకరుడు, రామానుజుడు, మహమ్మదు, కబీరు, నానకు, గాంధీ మొదలగువారి పేర్లు గలవు. రెండవ సంవత్సరము వివిధ మతగ్రంథములనుండి లోకమునకెల్ల వర్తించు భాగములు. మూడవ సంవత్సరము మతతత్త్వమునందలి ముఖ్య సమస్యలు.

తిరుపతిలోను వేలూరులోను బల్లపై కూర్చుండిన బాలుడు ఇచ్చట కనబడుచున్నాడు. నలువది యేండ్లకు పైబడిన పిమ్మట, దేశమునందలి కళాశాలలకెల్ల నియమములు సూచించు అవకాశము చేతికి వచ్చినప్పుడు, తనను నొప్పించినవారి ప్రభువును ఆ వరుసనుండి తీసివేయలేదు. ఏ పిల్లవాడును తన ఇంటి దేవుని కొఱకు తల వంచుకొనవలసిన పని లేకుండ, అందఱును కలసి తల వంచుటకు కొన్ని మౌన నిమిషములను కోరిరి.

వారి మతాభిప్రాయములన్నియు మాకు సమ్మతములని ఇందుచే తలంపరాదు. మతములన్నియు ఒకే సత్యమునకు దారులను వారి మాటను క్రైస్తవులమైన మేము వారు చెప్పినట్లు చెప్పజాలము. మా విశ్వాసము మాకు గలదు. పదవులు పెరిగిన కొలది వారి తత్త్వవిచారమునకు తీరిక తగ్గినదను విమర్శకులును గలరు. 1949లో మాస్కోకు రాయబారిగా పోయి, 1952లో ఉపరాష్ట్రపతియై, 1962 మొదలు 1967 వఱకు రాష్ట్రపతిగా నున్నవారికి తీరిక తగ్గుట వింత కాదు. 1975 ఏప్రిలు 17వ తేదీన మద్రాసులో వారు కన్ను మూసిరి. విమర్శ నట్లుంచి, వారి పుట్టినదినమును దేశము ఏ పేరున జరుపుకొనుచున్నదో చూడుడు. రాష్ట్రపతి దినమని కాదు, ఉపాధ్యాయ దినమని.

కావున, ఎనిమిదవ తరగతి బాలుడా! నీ ప్రశ్నకు ఇప్పుడు చెప్పుచున్నాము. వారు పాఠము చెప్పుట మాని ఆఫీసు పనికి పోలేదు. పాఠము చెప్పువారికి గదులు, జీతములు, నిర్భయము సమకూర్చుటకు పోయిరి. బల్లపై కూర్చుండి తాము పడినదానిని మఱచిపోకుండ పోయిరి. మఱచినచో ఆ కుర్చీ వట్టి కుర్చీ. మన ప్రభువు తువాలు నడుమునకు కట్టుకొని శిష్యుల కాళ్లు కడిగిననాడు గురుత్వమును విడిచెనని ఎవ్వరును అనరు గదా.

ఇక మా సంగతి. వసతిగృహమున ఈ యేడు ఏబది యిద్దఱు బాలురు గలరు. వారిలో సగమునకు పైగా ఇతర మతములవారు. రాత్రి భోజనమునకు ముందు మేము ప్రార్థన చేయుట పూర్వపు ఆచారము, అది మానలేదు. దానికి ముందు రెండు నిమిషములు మౌనముగా నిలుచుట మాత్రము క్రొత్తగా చేర్చితిమి. మొదటి దినమున పిల్లలు ఒకరినొకరు చూచుకొని నవ్విరి, ఇప్పుడు నవ్వుటలేదు. సంక్రాంతికి ఇంటికి పోవు పిల్లలకు సెలవు చీటీలు వ్రాయునప్పుడు వారి ఊరి పండుగ ఎట్లుండునో అడుగుచున్నాము. చెప్పుచున్నారు. ఒక చిన్నవాడు తమ ఊరి గంగిరెద్దును గుఱించి పావుగంట చెప్పెను. చీటీ వ్రాయుట ఆలస్యమైనది.

వెనుక బల్లకు పోయిన ఆ పిల్లవాడు ఇప్పుడు ముప్పది యేండ్ల మగవాడై యుండును. అతనికిని పిల్లలుండవచ్చును, ఏదేని బడికి పంపుచుండవచ్చును. ఈ పత్రిక అతని చేతికి పోవునని ఆశ లేదు. అయినను నాడు అతని తండ్రితో చెప్పవలసి యుండి చెప్పక దాచినదానిని నేడు ఇచ్చట చెప్పుచున్నాము: తప్పు మీ పిల్లవానిది కాదు, మాది.

తలిదండ్రులారా! మీ పిల్లవాడు బడినుండి వచ్చి మాటాడుట మానినయెడల, వానిని మందలించుటకు ముందు మావద్దకు రండు. ఆ రైతువలె వరండా క్రింద నిలువబడవలదు, లోనికి రండు. తాళపుచెవులు మావద్దనే యున్నవి, తలుపు తీసెదము.